దావత్‌లో రెండో బకెట్

ఎండాకాలం వచ్చిందంటే మా నిజాంపేటలో దావత్‌ల సీజన్ మొదలైనట్టే. (హైదరాబాద్‌లో బాచుపల్లి పక్కనున్న నిజాంపేట కాదు, మెదక్ జిల్లాలో రామాయంపేట దగ్గరి నిజాంపేట. క్లాసులో ప్రతిసారీ ఈ వివరణ ఇచ్చుకోవడం నా తలరాత.) పెండ్లిళ్లు, ఎల్లమ్మ పండుగలు, పుట్టు వెంట్రుకలు, కొత్త ట్రాక్టరు, సెలవులకు దిగిన పట్నం చుట్టాలు... ఇవేవీ లేకపోతే "ఊకెనే కూసున్నం గదా" అన్నది కూడా కారణమే. యాట ముచ్చట ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత అరగంట చర్చంతా ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: "ఎన్ని కాటన్లు?"

కాటన్ అంటే పన్నెండు బీరు సీసాలు. మామిడి చెట్టు కింద ఒక పెద్ద టబ్బు పెడతారు. దాంట్లో ఐస్ గడ్డ పగలగొట్టి వేసి, గోనె సంచి కప్పి, సీసాలు పడుకోబెడతారు. దాని కాపలాకు ఒక బాధ్యత గల బావను కూడా నియమిస్తారు. మరి తాగనోళ్లకు? వాళ్ల కోసం ఒక రెండు లీటర్ల కూల్ డ్రింకు సీసా ఎక్కడో గోడ పక్కన, సగం ఎండలో, మూత వదులై ఉంటుంది. గ్యాసు పోయి, వేడెక్కి, చక్కెర పాకంలా ఉంటుంది. దావత్‌కు వచ్చినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలోళ్లు, మాల వేసినవాళ్లు, మందులు వాడేవాళ్లు, తాగబుద్ధి కానివాళ్లు. ఇంతమందికి కలిపి దక్కే మర్యాద ఆ ఒక్క సీసా.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తాను. ప్రతి ఎండాకాలం దావత్‌లో బీరు టబ్బు పక్కన రెండో బకెట్ ఒకటి ఉండాలి. దాంట్లో చల్లటి పండ్ల చాయ్ ఉండాలి. దాని మీద కూడా అంతే శ్రద్ధ, అంతే ఐసు, అంతే లెక్క పెట్టాలి. బీరు తాగేవాళ్లు కావాలంటే ఆ చాయ్‌లోనే బీరు కలుపుకోవచ్చు, దాని సంగతీ కింద రాస్తాను. కానీ ముందు చాయ్, తర్వాతే బీరు. ఈ వరుస నాకు ముఖ్యం.

ఈ ఆలోచన ఎక్కడిది?

ఈ మధ్య ఫోన్లలో తిరుగుతున్న వీడియోల్లో ఒక రకం తరచూ కనిపిస్తోంది. పెద్ద గాజు జగ్గు, దాంట్లో ఐస్డ్ టీ, పీచ్ ముక్కలు, నిమ్మ చక్రాలు, పుదీనా, చివర్లో ఒక బీరు క్యాను. "సమ్మర్ పార్టీ కాక్‌టెయిల్" అని పేరు. మా హాస్టల్‌లో దాన్ని చూసినవాళ్లు రెండు పార్టీలుగా చీలిపోయారు. "చాయ్‌ల బీరు పోసుడేంది రా, రెండూ ఖరాబైతయి" అన్నది ఒక పార్టీ. "ఈసారి మీ ఊరికొస్తే ఇదే చేద్దాం" అన్నది రెండోది.

మొదటి పార్టీకి చిన్న సమాధానం: బీరులో ఇంకేదో కలపడం వింతేమీ కాదు. ఇంగ్లండ్‌లో బీరును నిమ్మరసం కలిపిన పానీయంతో కలిపి షాండీ అంటారు. జర్మనీలో అలాంటిదాన్నే రాడ్లర్ అంటారు. రాడ్లర్ అంటే సైకిల్ తొక్కేవాడని అర్థం. మ్యూనిక్ దగ్గర ఒక హోటలాయన దగ్గరికి 1922లో వేలమంది సైకిళ్ల మీద వచ్చి పడితే, బీరు సరిపోక సగం నిమ్మ సోడా కలిపి పోశాడని అక్కడ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, అందులో అసలు సంగతి ఉంది: ఎండలో, శ్రమలో ఉన్న మనిషికి నిండు బీరు కంటే పలచటిదే నయమని వాళ్లకు తెలుసు.

చల్లటి చాయ్ చరిత్ర కూడా ఇలాంటిదే. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో, ఎండకు ఎవరూ వేడి టీ తాగకపోతే ఐసు వేసి అమ్మారని, అదే ఐస్డ్ టీకి పుట్టుక అని చాలాచోట్ల రాస్తారు. కానీ 1879లో అచ్చయిన ఒక వర్జీనియా వంటల పుస్తకంలోనే ఐసు, నిమ్మకాయ వేసిన టీ తయారీ ఉంది. ప్రదర్శన దాన్ని ప్రచారం చేసిందే తప్ప పుట్టించలేదు.

మన దగ్గర మాత్రం చాయ్ అంటే వేడిగానే ఉండాలి. "చల్లారిన చాయ్ ఇచ్చిన్రు" అనేది మా పెద్దమ్మ దృష్టిలో చుట్టాల మీద చేయదగ్గ అతి పెద్ద ఫిర్యాదు. అలాంటి ఊళ్లో చాయ్‌లో ఐసు వేస్తానంటే నవ్వుతారు. కానీ జర ఆలోచించండి. శ్రీరామనవమి పానకంలో ఏముంది? బెల్లం, మిరియాలు, యాలకులు, చల్లటి నీళ్లు. ఎండాకాలం మనకు సల్ల ఉంది, అంబలి ఉంది, సుగంధి షర్బత్ ఉంది, రంజన్‌లో నీళ్లున్నాయి, ఊరి మధ్యలో చలివేంద్రం ఉంది. తీపి, పులుపు, ఉప్పు, చల్లదనం కలిపి మనిషికి పోయడం మన తాతలకు తెలిసిన విద్యే. పండ్ల చాయ్ ఆ కుటుంబంలోకి వచ్చిన కొత్త కోడలు, అంతే.

లెక్క, కొలత

పోయిన వేసవిలో మా కాక వాళ్ల మామిడి తోటలో ఇరవై ఐదు మంది దావత్‌కు దీన్ని చేశాను. పీచ్ పండ్లు మా దగ్గర దొరకవు, దొరికినా ధర చూసి దండం పెట్టాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో మనకు దొరికేవి పచ్చి మామిడి, పుచ్చకాయ, నిమ్మ, ముంజలు. ఇవి ఉండగా పీచ్ ఎందుకు?

ఇంజినీరింగ్ చదువుతున్నందుకు ఒక్కసారైనా పనికొచ్చిన సూత్రం ముందు చెప్తాను. ఐసు కూడా నీళ్లే. నాలుగు లీటర్ల పానీయం 35 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. దాన్ని 5 డిగ్రీలకు దించాలంటే సుమారు 500 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. ఒక కిలో ఐసు కరిగి 5 డిగ్రీల నీళ్లయ్యేసరికి దాదాపు 355 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది. అంటే మనకు కావాల్సింది కిలో నాలుగు వందల గ్రాముల ఐసు. అదంతా కరిగి గ్లాసుల్లోకే వస్తుంది. నాలుగు లీటర్లు కాస్తా ఐదు లీటర్ల నాలుగు వందలవుతుంది. ఈ లెక్క మరిచిపోయి మామూలు చిక్కదనంతో చేస్తే చివరికి మిగిలేది రంగు నీళ్లు. అందుకే ముందే చిక్కగా చేయాలి.

తయారీ ఇది. లీటరున్నర నీళ్లు మరిగించి, మంట ఆపేసి, నలభై గ్రాముల చాయ్‌పత్తా వేసి మూత పెట్టాలి. ఇంట్లో వాడే సన్న పత్తా అయితే మూడు నిమిషాలు, పెద్ద ఆకు అయితే ఐదు నిమిషాలు, అంతకు మించొద్దు. రోజూ చేసినట్టు పత్తాను నీళ్లలో ఉడకబెడితే పాలు లేని చాయ్ వగరెక్కి నాలుక ముడుచుకుపోతుంది. వడకట్టి, వేడి మీదనే మూడు వందల గ్రాముల చక్కెర గానీ బెల్లం గానీ కరిగించాలి. తర్వాత ఒక లీటరు చల్లటి నీళ్లు కలిపి, మామూలు వేడికి వచ్చేదాకా పక్కన పెట్టాలి. వేడి వేడిగా ఫ్రిజ్‌లో పెడితే చాయ్ మసకబారుతుంది. చాయ్‌లోని కెఫీన్, పాలీఫినాల్స్ చలికి కలిసిపోయి ద్రవంలోంచి బయటికి రావడమే ఆ మసక. రుచికేం కాదు, కానీ చూసినవాళ్లు "పాడైంది" అంటారు. మా ఊళ్లో ఒకరు అంటే చాలు, ఇరవై మంది ముట్టరు.

ఇక పండ్లు. మూడు పచ్చి మామిడికాయలు ఉడకబెట్టి, గుజ్జు తీసి, వడకడితే అర లీటరు వస్తుంది. పుచ్చకాయ రసం ఒక లీటరు. ఆరు నిమ్మకాయలు. అర చెంచా ఉప్పు, గుప్పెడు పుదీనా. నిమ్మరసం పడగానే చాయ్ రంగు తేలికవుతుంది, పిల్లలకు ఆ దృశ్యం చూపించి రసాయన శాస్త్రం చెప్పొచ్చు. ముంజలు మాత్రం కలపొద్దు, ముక్కలు కోసి గ్లాసులో వేయాలి. చాయ్ తాగుతుంటే మధ్యలో ముంజ ముక్క పంటికి తగలడం ఏ పీచ్ పండుకూ రాని సుఖం.

ఐసు గురించి ఒక గట్టి మాట. ఫ్యాక్టరీ నుంచి గోనె సంచిలో వచ్చే ఐస్ గడ్డ సీసాల చుట్టూ వేయడానికే, గ్లాసులో వేయడానికి కాదు. అది ఏ నీళ్లతో చేశారో, ఏ బండిలో వచ్చిందో మనకు తెలియదు. ముందు రోజు రాత్రే తాగే నీళ్లను స్టీలు డబ్బాల్లో పోసి రెండు మూడు ఇండ్ల ఫ్రిజ్‌లలో పెట్టిస్తే కిలోన్నర ఐసు తయారవుతుంది. దావత్‌లో జరిగే చాలా కడుపునొప్పులకు మటన్ మీద నింద వేస్తాం గానీ, ఐసును కూడా అనుమానించాలి.

మామిడికాయలు తోటవే కాబట్టి మొత్తం ఖర్చు నూట యాభై రూపాయలు దాటలేదు. పక్కనే టబ్బులో ఉన్న ఒక్కో కాటన్ ఖరీదు రెండు వేలపైనే. తీపి సంగతీ చూడండి. మామూలు కోలా కూల్ డ్రింకులో వంద మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఇందులో మనం వేసింది ఐదున్నర గ్రాములే.

బీరు కలపాలంటే

ఇప్పుడు బీరు దగ్గరికి వద్దాం. చట్టం సంగతి ముందు: తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. మన కాలేజీలో మొదటి, రెండో సంవత్సరం వాళ్లెవరికీ ఆ వయసు రాలేదు. మూడో సంవత్సరంలోనూ చాలామందికి రాలేదు. ఆ లెక్కన మన బ్యాచ్ దావత్‌లలో రెండో బకెట్టే మొదటి బకెట్ కావాలి.

వయసు వచ్చి, తాగాలనుకునేవాళ్లకు పద్ధతి ఇది. చాయ్, బీరు రెండూ బాగా చల్లగా ఉండాలి. వేడి ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ నిలవదు, పోసీపోయగానే నురుగై పొంగి పోతుంది. గుజ్జు ఎక్కువున్నా అదే కథ, గుజ్జు రేణువుల మీద బుడగలు పుట్టుకొస్తాయి. అందుకే మామిడి గుజ్జును బాగా వడకట్టమన్నది. గ్లాసులో రెండు వంతులు చాయ్ పోసి, మీద ఒక వంతు లైట్ బీరు మెల్లగా పోయాలి. చెంచాతో తిప్పొద్దు. చాయ్ వగరు, బీరు చేదు, నిమ్మ పులుపు కలిసి రుచి బాగానే కుదురుతుంది. మొదటి పార్టీ వాళ్లు ఓడిపోయారని ఇక్కడే ప్రకటిస్తున్నాను.

కానీ లెక్క ఇంకా మిగిలి ఉంది. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం ఆల్కహాల్ ఉంటే అది 32.5 మిల్లీలీటర్లు, బరువులో 25 గ్రాములకు పైగా. మన దేశంలో స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉండొచ్చు. అప్పుడు అదే సీసాలో దాదాపు 41 గ్రాములు. "బీరే గదా" అని రెండు స్ట్రాంగ్ సీసాలు తాగినవాడు 80 గ్రాముల ఆల్కహాల్ తాగాడు. ఇంత మోతాదు విస్కీలో కొలిస్తే 60 మిల్లీలీటర్ల పెగ్గులు నాలుగు దాటుతాయి. కానీ మా వైపు విస్కీ తాగేవాడు "మందు తాగుతడు", బీరు తాగేవాడు "మందు ముట్టడు, బీరొక్కటే". ఈ వర్గీకరణ ఏ రసాయన శాస్త్రంలోనూ లేదు.

చాయ్ కలిపితే ఒక గ్లాసులో ఆల్కహాల్ తగ్గుతుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసులో వంద మిల్లీలీటర్ల లైట్ బీరు ఉంటే అందులో ఆల్కహాల్ నాలుగు గ్రాములే. ఇది మంచి మాటే. చెడ్డ మాట ఏంటంటే, తీపి, పులుపు, చల్లదనం కలిసి ఆల్కహాల్ రుచిని దాచేస్తాయి. బీరు చేదు ఒక రకంగా బ్రేకు, అది మనిషిని నిదానంగా తాగిస్తుంది. చేదు తీసేస్తే బ్రేకు తీసేసినట్టే. సీసా ఖాళీ అయ్యేదాకా ఆరు గ్లాసులు గడగడా తాగేస్తే, గ్లాసు మారింది గానీ సీసా మారలేదు.

కెఫీన్ సంగతి కూడా చెప్పాలి. కెఫీన్ మత్తును తగ్గించదు, మత్తెక్కిన సంగతి తెలియకుండా మాత్రమే చేస్తుంది. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ కెఫీన్ కలిపిన ఆల్కహాల్ పానీయాలు అమ్మే నాలుగు కంపెనీలను హెచ్చరించింది ఇందుకే. మన చాయ్‌లో కెఫీన్ ఆ డబ్బాల్లో ఉన్నంత ఉండదు. కానీ "చాయ్ కలిపినం గదా, ఎక్కదు" అనే మాట మాత్రం తప్పు. చాయ్ ఆల్కహాల్‌కు విరుగుడు కాదు. అందుకే నా నియమం: బీరును బకెట్‌లో ఎప్పుడూ కలపొద్దు. ఎవరి గ్లాసులో వాళ్లే, కొలిచి, కనిపించేలా పోసుకోవాలి. బకెట్‌లో కలిపితే ఎవరు ఎంత తాగారో ఎవరికీ తెలియదు, పిల్లలు కూడా ముంచుకుంటారు.

చలువ అనే భ్రమ

"ఎండకాలం బీరు చలువ తమ్మీ" అనే మాట వినని ఇల్లు మెదక్ జిల్లాలో ఉండకపోవచ్చు. చల్లగా ఉండేది సీసా. శరీరంలో జరిగేది వేరు. నీళ్లను పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచేస్తుంది. తాగినవాళ్లు మాటిమాటికీ చెట్ల చాటుకు పోవడానికి కారణం అదే. 42 డిగ్రీల ఎండలో చెమటగా ఒక దారిలో, ఇలా ఇంకో దారిలో నీళ్లు పోతుంటే, సాయంత్రానికి తలనొప్పి రాక ఏమొస్తుంది? చలువ కావాలంటే నీళ్లు, ఉప్పు, కొంచెం చక్కెర కావాలి. అవి రెండో బకెట్‌లో ఉన్నాయి.

"ఈ ఇంగ్లీషు వేషాలెందుకు, మనకు కల్లు లేదా?" అని మా బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఈత చెట్టు ఎక్కి, పొద్దుగాల దించిన కల్లు మా సంస్కృతిలో భాగం. ఎల్లమ్మకు సాక పోయనిదే మా పండుగ మొదలు కాదు. దాని వెనక గౌడన్నల ప్రాణాంతకమైన శ్రమ ఉంది. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ కల్లులోనూ ఆల్కహాల్ ఉంది, ఎండకు గంటగంటకూ పులిసి పెరుగుతుంది కూడా. రెండోది, చెట్టు కల్లు వేరు, దుకాణాల్లో దొరికే కల్తీ కల్లు వేరు. తెలంగాణలో ఏళ్ల తరబడి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లు పట్టుబడుతూనే ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే, ఆ మందులకు అలవాటు పడ్డ మనుషులు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులే చనిపోయారు. నీకు తెలిసిన చెట్టు, నీకు తెలిసిన గౌడన్న ఉంటే నువ్వు అదృష్టవంతుడివి బావా. అందరికీ ఆ అదృష్టం లేదు.

అసలు గొడవ గ్లాసుది

రుచి, లెక్క పక్కన పెడితే నన్ను ఇది రాయించింది ఇంకో సంగతి. మా దావత్‌లలో తాగను అన్నవాడికి విచారణ జరుగుతుంది. "మాల ఏసినవా?" "లేదు." "మొక్కు ఉన్నదా?" "లేదు." "గోలీలు వాడుతున్నవా?" "లేదు." "మరేం రోగం?" వద్దనిపించింది అనేది ఒక కారణంగా చెల్లదు. అందుకే చాలామంది కుర్రాళ్లు లేని యాంటీబయోటిక్ కోర్సు ఉందని చెప్పి బయటపడతారు. ఒకసారి ఒకే దావత్‌లో ముగ్గురు పళ్ల డాక్టరు పేరు చెప్పారు. ముగ్గురికీ పళ్లు భేషుగ్గా ఉన్నాయి.

నేను గమనించింది ఇది: చేతిలో ఖాళీ గ్లాసు ఉన్నవాడినే అడుగుతారు. చేతిలో ఐసు తేలుతున్న, ఎర్రటి, నిండు గ్లాసు ఉన్నవాడిని ఎవరూ అడగరు. మా కాక తోటలో ఆ రోజు అలా తప్పించుకున్నవాళ్లు నాకు తెలిసి నలుగురు. అందులో ఒకాయన రాత్రి కారు నడిపి పిల్లలతో కామారెడ్డి పోవాల్సినవాడు. రామాయంపేట దగ్గర మాకు 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. లారీలు ఏ వేగంతో పోతాయో చూసినవాళ్లకు తెలుసు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. సగటు మనిషి ఒక్క స్ట్రాంగ్ బీరుతోనే ఆ గీత దాటేయవచ్చు. జరిమానా సంగతి తర్వాత, లారీ ఆ గీతను కొలిచి రాదు.

ఇంకో సంగతి ఆడవాళ్లది. మగవాళ్లు చెట్టు కింద కూర్చుంటే, చిన్నమ్మలు, వదినలు పొయ్యి దగ్గర. 42 డిగ్రీల ఎండ, దానికి తోడు కట్టెల మంట. వాళ్లకు చల్లటి నీళ్ల సీసా ఇచ్చిన నాథుడు ఉండడు. టబ్బులోని ఐసు వాళ్లది కాదు. ఆ రోజు మొదటి పది గ్లాసులు నేను పొయ్యి దగ్గరికే తీసుకుపోయాను. "ఇదేం చాయ్ రా, సల్లగున్నది" అని మా పెద్దమ్మ మొదట నవ్వింది, రెండో గ్లాసు తనే వచ్చి ముంచుకుంది. బకెట్ ఎక్కడ ఉంటే మనుషులు అక్కడికి వస్తారు. మధ్యలో పెడితే మధ్యలోకి వస్తారు. పిల్లలు, ముసలోళ్లు, తాగేవాళ్లు, తాగనోళ్లు ఒకే బకెట్ చుట్టూ నిలబడటం ఆ రోజే చూశాను.

ఇదంతా పెద్ద సమస్యకు చిన్న వైద్యం అని నాకు తెలుసు. మన రాష్ట్రంలో మద్యం అమ్మకం ప్రభుత్వానికి ఎంత ముఖ్యమో 2023లో చూశాం: 2,620 దుకాణాలకు లక్షకు పైగా దరఖాస్తులు, ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని రెండు లక్షలు. 2025 జనవరిలో ఒక బీరు కంపెనీ తెలంగాణకు సరఫరా ఆపుతున్నానంటే అది రాష్ట్రమంతా చర్చించిన వార్త అయ్యింది. మరోవైపు, ఉమ్మడి రాష్ట్రంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారాను నిషేధించేదాకా నడిచింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. చట్టాలు వచ్చాయి, పోయాయి. బెల్టు షాపులు మాత్రం ఊళ్లలో ఉన్నాయి. దుకాణం ఎక్కడుండాలో నేను నిర్ణయించలేను. మా తోటలో బకెట్ ఎక్కడుండాలో నిర్ణయించగలను.

"తాగేవాళ్లకు పద్ధతి నేర్పుతూ, తాగొద్దని నీతులా?" అని ఎవరైనా అడగొచ్చు. తాగేవాళ్లు నా వ్యాసం చదివి మానేస్తారని నేను అనుకోవడం లేదు. కొలిచి పోసుకుంటే, పక్కన చాయ్ ఉంటే, మధ్యలో రెండు గ్లాసులు అదే తాగితే, వాళ్లు తాగే బీరు తగ్గుతుందని మాత్రం అనుకుంటున్నాను. ఆ రోజు మా తోటలో తెచ్చిన మూడు కాటన్లలో ఎనిమిది సీసాలు మిగిలాయి. టబ్బు కాపలా బావ జీవితంలో మొదటిసారి మిగిలిన సీసాలు లెక్కపెట్టాడు. ఒక్క దావత్‌తో సూత్రం తేలదు, ల్యాబ్‌లో అయితే మన సారు మూడు రీడింగులు తీయమంటారు.

కాబట్టి ఈ వేసవిలో మిగతా రీడింగులు మీరు తీయండి. సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే ఊళ్లకు పోతారు, ఏదో ఒక దావత్ తగులుతుంది. "ఎన్ని కాటన్లు?" అని చర్చ మొదలైనప్పుడు, "రెండో బకెట్ నాది" అని ఒక్క మాట అనండి. నవ్వితే నవ్వనీయండి. నలభై గ్రాముల పత్తా, మూడు మామిడికాయలు, ఒక పుచ్చకాయ, ఆరు నిమ్మకాయలు, ముందు రోజు పెట్టిన ఐసు. మొదటి గ్లాసు పొయ్యి దగ్గరికి తీసుకుపోవడం మాత్రం మరవకండి.